ఆ డ్రమ్ము ఎవరిదో ముందు తేల్చు

అమ్మాయ్,

నీ కథ అందింది. చదువుతూ మధ్యలో పక్కన పెట్టేశాను. లేచి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివాను. కోపం తగ్గాక జవాబు రాద్దామని ఆగాను గానీ అది తగ్గేలా లేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

అడిలైడ్‌లో ఉద్యోగం చేసుకుంటూ తెలుగులో కథ రాయాలనుకున్నావు, అదీ మనవాళ్ళెవరూ ముట్టుకోని రేడియోధార్మిక వ్యర్థాల మీద. సంతోషం. మూడో పేజీలో ఆస్పత్రి సెల్లార్ తాళంచెవి ఒకటి మేకుకి వేలాడుతుంటుంది. దానికి కట్టిన ప్లాస్టిక్ బిళ్ళ మీద రాత చెరిగిపోయి ఉంటుంది. అది ఏ గది తాళమో కొత్తగా చేరిన సెక్యూరిటీ గార్డుకి తెలీదు. ఆ నాలుగు వాక్యాలూ బాగున్నాయి. అవి రాసిన మనిషే ఐదో పేజీకి వచ్చేసరికి గోధుమ పొలం నడుమ ఆకుపచ్చగా వెలిగే డ్రమ్ముని ఎలా పెట్టిందో నాకు అంతుపట్టలేదు.

డ్రమ్ములు వెలగవమ్మా. మెల్‌బోర్న్‌లోని ఫిషర్‌మన్స్ బెండ్‌లో తవ్వి తీసి, 1994, 95ల్లో దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలోని వూమెరాకి చేర్చిన దాదాపు 10,000 డ్రమ్ముల్లో ఉన్నది మట్టి. ఎప్పుడో యురేనియం ఖనిజం మీద పరిశోధనలు చేసినచోట పాడైన మట్టి. మూత తీసి చూసినా అది మట్టిలాగే కనిపిస్తుంది. వాసన రాదు, పొగ రాదు. ఆకుపచ్చ వెలుగు ఒకప్పుడు గడియారం ముళ్ళకి పూసిన రేడియం రంగుది. అందులోనూ వెలిగేది జింక్ సల్ఫైడు, రేడియం దాన్ని వెలిగించేది. సినిమాలవాళ్ళు ఆ వెలుగుని పట్టుకొచ్చి డ్రమ్ముల్లో పోశారు. నువ్వు దాన్ని మీ రాష్ట్రంలో గోధుమలు పండే కింబా ఊళ్ళో పెట్టావు.

నాకింత కోపం ఎందుకొచ్చిందో చెప్పాలి. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నేను ఒక కేన్సర్ ఆస్పత్రిలో రేడియోథెరపీ టెక్నీషియన్‌ని. మాది కోబాల్ట్ యంత్రం. కోబాల్ట్-60 అర్ధాయువు, అంటే దాని తీవ్రత సగానికి తగ్గే కాలం, ఐదేళ్ళ పైచిలుకు. కాబట్టి కొత్త సోర్సు, అదే యంత్రంలో పెట్టే కోబాల్ట్, ఒక నిమిషంలో ఇచ్చే మోతాదు ఇవ్వడానికి ఐదేళ్ళు గడిచాక రెండు నిమిషాలు పడుతుంది. గొంతు కేన్సర్‌తో వచ్చిన పెద్దాయన ఉమ్మి మింగలేక, కదలకూడదు కాబట్టి కదలక, ఆ రెండో నిమిషం ఎలా గడిపేవాడో సీసం అద్దంలోంచి చూసేదాన్ని. సోర్సు మరీ పాతబడితే ఇంజినీర్లు వచ్చి దాన్ని తీసి, సీసం పోసిన బరువైన పెట్టెలో పెట్టి, లారీ ఎక్కించి ముంబయి పంపేవాళ్ళు. ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఎన్ని గంటలకి, పెట్టె పక్కన మీటరు ఎంత చూపించింది, అన్నీ రిజిస్టర్లో ఎక్కాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా మా ఫిజిసిస్టు లారీని గేటు దాటనిచ్చేవాడు కాదు. డ్రైవరు విసుక్కునేవాడు. అయినా వదిలేవాడు కాదు.

ఆ రిజిస్టరు మీద ఒక వ్యాసం రాశాను. ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి ఇచ్చాను. ఎడిటర్ సంతకాల సంగతంతా కొట్టేశాడు. అర్ధాయువు గురించి రాసిన పేరా తీసేశాడు. పైన పుర్రె బొమ్మ వేసి, ‘మృత్యు కిరణాలు’ అని హెడ్డింగ్ పెట్టి, కింద నా పేరు అచ్చేశాడు. ఆ వారం ట్రీట్‌మెంట్‌కి రావలసినవాళ్ళు కొందరు రాలేదు. సగంలో ఉన్న ఒకావిడ ఇంటికి ఫోన్ చేస్తే, కొడుకు ఎత్తి, ‘పేపర్లో చదివాం మేడమ్, ఇంక తీసుకురాం’ అన్నాడు. ఎడిటర్ దగ్గరికెళ్ళి ఈ సంగతి చెప్పాను. ‘భయం లేకపోతే జనం చదవరమ్మా’ అన్నాడు. ఆ మాటకి ఈనాటికీ నా ఒళ్ళు మండుతుంది. భయం పుట్టించడం తేలిక. ఆ భయం ఎవరి ఇంట్లో దూరి ఏం చేస్తుందో రాసినవాడు చూడడు.

ఇక అసలు సంగతి. అణు విద్యుత్ కేంద్రం ఒక్కటి కూడా లేని దేశంలో ఈ చెత్త ఎక్కడి నుంచి వచ్చిందని నీ కథలో కుర్రాడు అడుగుతాడు. వాళ్ళ నాన్న జవాబు చెప్పకుండా ఆకాశంలోకి చూస్తాడు. ఆయన ఆకాశంలోకి చూడకూడదు, జవాబు చెప్పాలి. కథ అక్కడే ఉంది. సిడ్నీ శివార్లలో లూకాస్ హైట్స్‌లో 1958 నుంచి పరిశోధనా రియాక్టర్ ఉంది. పాతదాన్ని 2007లో మూసేశారు. అదే ఏడాది తెరిచిన ఓపల్ ఇప్పుడు నడుస్తోంది. ఎముకల స్కాన్‌కీ, గుండె స్కాన్‌కీ వాడే టెక్నీషియం-99ఎమ్ అనే రేడియోధార్మిక పదార్థం అక్కడ తయారయ్యే మాలిబ్డినం నుంచి వస్తుంది. టెక్నీషియం ఆరు గంటల్లో సగమవుతుంది, మాలిబ్డినం 66 గంటల్లో. గోడౌన్లో దాచుకునే సరుకు కాదు కాబట్టి ఎప్పటికప్పుడు తయారు చేస్తూనే ఉండాలి. తయారైన ప్రతిసారీ వెనక కొంత చెత్త మిగులుతుంది. గ్లవ్స్, కాగితాలు, గాజు సామాను ఒక రకం. రియాక్టర్ ఇంధనం శుద్ధిచేశాక మిగిలేది ఇంకో రకం. వాడిన ఇంధనాన్ని ఫ్రాన్స్ పంపితే, దాన్ని శుద్ధి చేసి, మిగిలినదాన్ని గాజులో కలిపి గడ్డకట్టించి, ఓడ మీద తిప్పి పంపారు. అది 2015 డిసెంబరులో చేరింది. మీ చెత్త మీరే ఉంచుకోండన్నది ఒప్పందం. ఇవి కాక దేశమంతా ఆస్పత్రుల్లో, యూనివర్సిటీల్లో, ఇతర సంస్థల్లో వందకి పైగా చోట్ల కొద్దికొద్దిగా నిల్వలున్నాయి. తక్కువ ఆయువున్నవి పది అర్ధాయువులు ఆగితే వెయ్యో వంతుకి పడిపోతాయి, ఆ తర్వాత మామూలు చెత్తలో కలిపేయొచ్చు. ఎక్కువ ఆయువున్న సోర్సుల్ని వీలైతే అమ్మిన కంపెనీకే తిప్పి పంపాలి. మరి ఆ కంపెనీయే మూతపడితే?

నా పట్టుదల ఇదే. ఇదివరకు నాకు రాసినవాళ్ళందరికీ ఇదే చెప్పాను, విన్నవాళ్ళు తక్కువ. ఇలాంటి వస్తువు మీద కథ రాసేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది ఇవాళ ఎవరి చేతిలో ఉంది? నిన్న ఎవరి చేతిలో ఉంది? రేపు పుచ్చుకుంటానని ఎవరు సంతకం పెట్టారు? వీటికి జవాబు తెలిస్తే విశేషణాలు వాటంతటవే రాలిపోతాయి. తెలియకపోతే ఆకుపచ్చ వెలుగు వస్తుంది.

2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఏమైందో నువ్వు ఆ దేశంలోనే ఉన్నావు కాబట్టి నాకంటే నీకే బాగా తెలియాలి. గుడాయ్-డారి గనిలో ఇనుప ఖనిజం సాంద్రత కొలిచే గేజిని రిపేరుకి పెర్త్ పంపారు. దాదాపు 1,400 కిలోమీటర్ల దారి. గేజి లోపల సీజియం-137 క్యాప్సూల్ ఉంది, 8 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల వెడల్పు, శనగగింజంత. పెట్టె 16న పెర్త్ చేరింది. స్టోరులో పెట్టారు. 25న విప్పి చూస్తే గేజి ఊడిపోయి ఉంది, నాలుగు బోల్టుల్లో ఒకటి లేదు, క్యాప్సూల్ లేదు. అన్ని రోజులూ కాగితాల ప్రకారం అది భద్రంగానే ఉంది! రోడ్డు పొడుగునా మీటర్లు పెట్టుకుని వెతికారు. ఫిబ్రవరి 1న, గంటకి 70 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండిలో మీటరు పలికింది. న్యూమన్ ఊరికి దక్షిణాన, రోడ్డు అంచుకి రెండు మీటర్ల అవతల దొరికింది. ఎవరికీ ఏమీ కాలేదు. 1975 నాటి చట్టం ప్రకారం ఆ తప్పుకి అప్పట్లో గరిష్ఠ జరిమానా 1,000 డాలర్లు, తప్పు కొనసాగితే రోజుకి ఇంకో 50. ఊడిపోయిన ఆ ఒక్క బోల్టు మీద కథ రాస్తే నేను రాత్రంతా కూర్చుని చదువుతాను. దాన్ని ఎవరు బిగించారు, చేతికి గ్లవ్స్ ఉన్నాయా, షిఫ్టు మారే టైమా, పక్కవాడు చెక్ చేసి టిక్కు పెట్టాడా?

బోల్టు సంగతి ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుందో 2000లో థాయిలాండ్‌లో తెలిసింది. అక్కడా అణు విద్యుత్ కేంద్రం లేదు. వాడకుండా పడేసిన కోబాల్ట్ యంత్రం తలని ఒక కంపెనీ అనుమతి లేకుండా పార్కింగ్ స్థలంలో ఉంచింది. పాత సామాన్లు ఏరుకునేవాళ్ళు దాన్ని పట్టుకెళ్ళి విప్పబోయి, కుదరక సముత్ ప్రకాన్‌లోని ఒక పాత ఇనుము కొట్టుకి చేర్చారు. కొట్టువాళ్ళు కోశారు. ముగ్గురు చచ్చిపోయారు. దాని మీద మూడు రేకుల గుర్తు ఉంది, కానీ అది దేనికి గుర్తో వాళ్ళకి తెలీదు. చదువురానివాళ్ళకి కూడా అర్థమయ్యేలా కిరణాలూ, పుర్రే, పారిపోతున్న మనిషీ ఉన్న ఎర్ర గుర్తు 2007లో గానీ రాలేదు. పదకొండు దేశాల్లో జనానికి చూపించి మరీ దాన్ని ఖాయం చేశారు. పుర్రె బొమ్మ ఉండాల్సింది అక్కడ, ఆదివారం అనుబంధంలో కాదు.

నీ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టింది డ్రమ్ము కూడా కాదు. ఆదివాసీ ముసలావిడ. ఆమె గాలిలోంచి వచ్చినట్టు వచ్చి, మంత్రికి శాపం పెట్టి, ఎర్ర దుమ్ములో కలిసిపోతుంది. అక్కడి ఆడవాళ్ళు శాపాలు పెట్టలేదమ్మా. దక్షిణ ఆస్ట్రేలియాలోని కూబర్ పీడీ ఊరి ఆదివాసీ పెద్దమ్మలు ‘కుపా పీటి కుంకా చుటా’ అని సంఘం పెట్టుకున్నారు. వూమెరా దగ్గర వ్యర్థాలు పూడ్చే పథకం మీద 1998 నుంచి ఉత్తరాలు రాశారు, మీటింగులు పెట్టారు, ఊళ్ళు తిరిగారు. యాభైల్లో ఎమూ ఫీల్డ్‌లో, మరలింగాలో బ్రిటిషువాళ్ళు పేల్చిన అణుబాంబులు వాళ్ళకి గుర్తున్నాయి. 2004లో ప్రభుత్వం ఆ పథకం మానుకుంది. అంత ఓపికతో కాగితాలతో పోరాడి గెలిచిన మనుషుల్ని నువ్వు మంత్రగత్తెల్ని చేశావు. ఇది అన్యాయం.

కింబాలో జరిగిన ఓటింగ్ నీ కథలో ఒక్క లైనుతో అయిపోయింది. దాన్ని సాగదీయాల్సింది. ఈ చెత్తకి దేశమంతటికీ ఒకే నిల్వ కేంద్రం అక్కడ పెట్టాలా అని 2019లో కింబా కౌన్సిల్ పరిధిలో ఓటింగ్ పెడితే 61 శాతానికి పైగా సరేనన్నారు. ఊళ్ళో స్కూలుంది, దుకాణాలున్నాయి, జనం తగ్గిపోతున్నారు, నిధులొస్తాయని ఆశ. వాళ్ళని తప్పుపట్టకు. ఆ ప్రాంతం మీద హక్కున్న ఆదివాసులు బార్న్‌గార్లా జనంలో ఎక్కువమంది కౌన్సిల్ పరిధిలో ఉండరు కాబట్టి వాళ్ళకి ఓటు లేదన్నారు. కోర్టుకెళ్ళినా రాలేదు. వాళ్ళంతట వాళ్ళు ఓటింగ్ పెట్టుకుంటే 83 మంది వేశారు, ఒక్కరు కూడా సరేననలేదు. 2021 నవంబరులో కేంద్ర మంత్రి కింబా దగ్గరి నాపండీ పొలాన్ని ఖరారు చేశాడు. 2023 జూలై 18న ఫెడరల్ కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మంత్రి ముందే మనసులో తేల్చేసుకున్నాడని అనుకోవడానికి ఆస్కారం ఉందన్నది. ఆగస్టులో ప్రభుత్వం కింబాని వదులుకుంది. ఇంకో మాట. తక్కువ స్థాయి చెత్తని అక్కడ శాశ్వతంగా పూడుస్తామన్నారు. మధ్య స్థాయిది మాత్రం తాత్కాలికంగా ఉంచుతారట. ఆ తర్వాత ఎక్కడికి? దానికి చోటు చూపించలేదు. ఒకచోట తాత్కాలికంగా ఉన్నదాన్ని ఇంకోచోటికి తాత్కాలికంగా మోయడానికి ఒక ఊరిని రెండుగా చీల్చారు. ఒకే చర్చికి, ఒకే ఫుట్‌బాల్ ఆటకి వచ్చే రెండు కుటుంబాల్ని తీసుకుని ఇది రాస్తే చాలు. పిల్ల చచ్చిపోనక్కర్లేదు.

ఆ పిల్ల మొదటి పేజీ నుంచీ చనిపోయే ఉందని చివరి లైనులో చెప్పావు. ఈ ఫ్యాషన్ ఎవరు మొదలుపెట్టారో గానీ కథల పోటీల జడ్జిలు దానికి బహుమతులిచ్చి ఇచ్చి పిల్లలందరికీ అంటించారు. చివరి లైను కోసం ముందున్న పేజీలన్నిటినీ అబద్ధం చేసే కథ నాకొద్దు. 2070లో ఎర్రటి ఆకాశం కింద మాస్కు పెట్టుకుని నడిచే అమ్మాయి కూడా వద్దు. లూకాస్ హైట్స్‌లో ఆ చెత్త ఉంచిన షెడ్డు ఇవాళ ఉంది. నీ ఊళ్ళో ఆస్పత్రి ఇవాళ ఉంది.

తిరగరాసేముందు ఒక పని చెయ్యి. ఆస్ట్రేలియాలో రేడియేషన్ చట్టం ఒక్కటి కాదు. కేంద్రానికొకటి, ఆరు రాష్ట్రాలకీ రెండు టెరిటరీలకీ ఎవరిది వాళ్ళకే. మీ రాష్ట్రం చట్టం తెరిచి, లైసెన్సు ఉన్నవాడు రికార్డుల్లో ఏమేం రాయాలో చెప్పే సెక్షన్ చదువు. చదవడానికి విసుగ్గా ఉంటుంది, అయినా చదువు. తర్వాత నీ గార్డుని ఆ సెల్లార్ తలుపు ముందు నిలబెట్టు. రాత్రి డ్యూటీలో పైపు పగిలి నీళ్ళు లోపలికి పోతున్నాయి. తలుపు తియ్యాలా వద్దా చెప్పాల్సిన మనిషి పోయిన ఏడాదే రిటైరయ్యాడు, అతని స్థానంలో ఎవర్నీ వెయ్యలేదు. ఫోన్ నంబరు ఉన్న కాగితం గోడ మీద ఉంది, ఆ నంబరు ఇప్పుడు లేదు. ఎవరికి ఫోన్ చేస్తాడు? అక్కడ మొదలుపెట్టు. అతన్ని తెలుగువాణ్ణి చెయ్యాలనుకుంటే చెయ్యి, రాత్రి షిఫ్టులు చేసే మన కుర్రాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు కదా. కానీ సంక్రాంతి జ్ఞాపకాలు పెట్టకు, ఆ రాత్రి అతనికి వాటికి టైముండదు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, ఇంగ్లీషులో కూడా రాయనా అని అడిగావు, ఇంకేవో అడిగావు. కథ తయారయ్యాక చూద్దాం. కొత్త ప్రతి టైపు చేసి ఫైలుగా పంపు, ఫోన్లో పేజీల ఫొటోలు తీసి పంపకు. రికార్డుల సెక్షన్‌లో ఏముందో కూడా ఒక కాగితం మీద నీ మాటల్లో రాసి జత చెయ్యి. ముందు అది చదివి, తర్వాతే కథ తెరుస్తాను.

ఆశీస్సులతో,
మీ మేడమ్