వాడిన మోటార్‌హోమ్ శుభ్రత: డీలరు బాధ్యత ఎంతవరకు?

బ్రిటన్‌లో డీలరు దగ్గర కొన్న పాత మోటార్‌హోమ్‌లో (పడక, వంటగది, టాయిలెట్ ఉండే ఇల్లులాంటి బండిలో) టాయిలెట్ ట్యాంకు కడగలేదనీ, ఫ్రిజ్‌లో బూజు ఉందనీ, పాత బండి కనుక సర్దుకోవాలా అనీ అడిగారు. సర్దుకోనక్కరలేదండీ. అక్కడి 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం పైకి కనిపించే తీరు కూడా నాణ్యతలో భాగమే. అయితే బండి వయసును, ధరను బట్టి అంచనా మారుతుంది కాబట్టి, సీటు గుడ్డ వెలిసిపోవడాన్ని తప్పుపట్టలేం గానీ, ఇతరుల మలినం మిగిలిన ట్యాంకును ఏ ధరకూ ఒప్పుకోకూడదు. ఫొటోలు జతచేసి, శుభ్రం చేయించి ఇమ్మని డీలరుకు ఈమెయిల్ రాయండి. ఫ్రిజ్‌లోని బూజు తుడిస్తే పోతుంది. గోడ మూలల్లోనూ కనిపిస్తే మాత్రం నీరు లోపలికి దిగుతోందేమోనని తేమ పరీక్ష తప్పక చేయించండి. లోపం తేలితే, మరమ్మతుకు అవకాశమివ్వకుండానే బండిని తిప్పి ఇచ్చే హక్కు తొలి 30 రోజులే ఉంటుంది గనుక ఆలస్యం చేయకండి. మంచినీటి ట్యాంకును, డీలరు కడిగామన్నా సరే, మీరే క్రిమిసంహారకంతో శుద్ధి చేసుకోండి.