హోళీ నుంచి కుస్తీలకు పోతానంటున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. డిగ్రీ ఆపేసి, ఈ హోళీ నుంచి కుస్తీల మీదే బతుకుతానన్నావట. "నువ్వైనా చెప్పన్నా, నీ మాటైతే వింటాడు" అంది. వద్దని చెప్పడానికి రాయడం లేదు బిడ్డా. 16 ఏళ్లు నేను తిన్న అన్నం అదే. ఆ తర్వాత 30 ఏళ్లకు పైగా మన తాలీంలో, అంటే మన కుస్తీ బడిలో, పిల్లలకు పట్లు నేర్పుతున్నా. ఫోన్లో చెబితే సగమే వింటావు. కాగితం మీదైతే మళ్లీ మళ్లీ చదువుకుంటావు.

మన దిక్కు కుస్తీలు నువ్వు చూసినవే. మద్నూర్, జుక్కల్, బిచ్కుంద మొదలుకొని అటు దెగ్లూర్, ఇటు ఔరాద్ దాకా, మూడు రాష్ట్రాల ఊళ్లు. జాతర నాడు మధ్యాహ్నం కొబ్బరికాయ కుస్తీతో మొదలుపెడతారు. ఏడెనిమిదేళ్ల పిల్లలు లంగోటా జారిపోతుంటే ఎగదోసుకుంటూ ఆ ఒక్క కాయ కోసం కిందామీదా పడతారు. తర్వాత 50, 100, 500, అలా పొద్దు వాలేకొద్దీ పందెం పెరుగుతుంది. డప్పుల జోరూ పెరుగుతుంది. ఆఖరుది వెండి కడెం కుస్తీ. నీ కళ్లు ఆ కడెం మీదే ఉన్నాయని నాకు తెలుసు. పోయిన జాతరలో నీ కంటే బరువైన పిల్లాణ్ని చిత్ చేసినప్పుడు నేను జనంలోనే ఉన్నా. నా గుండె ఉప్పొంగింది.

కానీ లెక్క చూడు. నా రోజుల్లో సీజన్ మొత్తం కూడితే రెండు, రెండున్నర నెలలు. ఖురాక్ మాత్రం ఏడాది పొడవునా కావాలి. పాలు, బాదం, గుడ్లు, నెయ్యి ఒక్కరోజు మానినా ఒళ్లు చెబుతుంది. ఆ మిగతా నెలలు నేను బస్తాలు మోశాను, చెరకు కొట్టాను. పొద్దంతా కూలికి పోయి సాయంత్రం దండీలు, బస్కీలు తీస్తే ఒంట్లో ఏం మిగులుతుంది? నీకు ఆ తిప్పలు వద్దు. డిగ్రీ ఆపొద్దు. స్పోర్ట్స్ కోటాలో పోలీసు, రైల్వే, ఆర్మీ ఉద్యోగాలున్నాయి. వాటికి మ్యాట్ (మెత్తటి పరుపు) మీద జరిగే పోటీల సర్టిఫికెట్ కావాలి, వెండి కడెం చూపిస్తే ఇవ్వరు.

ఖాశాబా జాధవ్ పేరు మన తాలీం గోడ మీద రాసి ఉంటుంది కదా. సాతారా జిల్లా గోలేశ్వర్‌లో మట్టిలో పెరిగిన మనిషి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో, అలవాటు లేని మ్యాట్ మీద పట్టి ఆరో స్థానం తెచ్చుకున్నాడు. 1952లో హెల్సింకికి పోవడానికి డబ్బులు లేకపోతే, కొల్హాపూర్‌లో ఆయన చదివిన రాజారాం కాలేజీ ప్రిన్సిపాల్ తన ఇల్లు తాకట్టు పెట్టి 7,000 రూపాయలు ఇచ్చాడు. అక్కడ కాంస్యం గెలిచాడు. స్వతంత్ర భారతదేశానికి ఒక్క మనిషిగా ఒలింపిక్ పతకం తెచ్చినవాళ్లలో మొదటివాడు ఆయనే. అంతటివాడు కూడా 1955లో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా పోలీసు నౌకరీలో చేరాడు.

కాబట్టి మట్టితో పాటు మ్యాట్ కూడా పట్టు. రెండూ ఒకటే అనుకోకు. మట్టిలో ఎదుటివాడి లంగోటా పట్టుకుని ఎత్తొచ్చు, మ్యాట్ మీద బట్ట పట్టుకుంటే తప్పు. మట్టిలో వాణ్ని అలిసిపోయేదాకా ఆడించి, రెండు భుజాలూ నేలకు తాకిస్తేనే గెలుపు. మ్యాట్ మీద 3 నిమిషాల చొప్పున రెండు రౌండ్లే, గీత బయటికి తోసినా పాయింటే. నీకు కాచుకుని కూర్చునే అలవాటుంది. అక్కడ ఆ అలవాటుతోనే ఓడిపోతావు.

ఇక ఊళ్లు తిరిగేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. చెయ్యి కలిపే ముందే పందెం ఎంతో మైకులో చెప్పించు. ఒక ఊళ్లో నాకు 5 తులాల కడెం అన్నారు. గెలిచాక చేతిలో పెట్టింది 3 తులాలది. మిగతాది పంట అమ్మాక ఇస్తామన్నారు. రెండుసార్లు పోయి వచ్చా, బస్సు కిరాయిలు దండగయ్యాయి. పది మందిలో చెప్పించుకుని ఉంటే అట్లా అయ్యేది కాదు. బరువులో నీకు సరిజోడీ కానివాణ్ని తెచ్చి, జనం ఈలలు వేస్తున్నారని చెయ్యి కలపమంటే కలపకు. జోడీ కుదరలేదని చెప్పి గోదా దిగి రావడం పిరికితనం కాదు.

దెబ్బ దాచడం గురించి ఎవరికీ ఇంత వివరంగా చెప్పలేదు, నీకు చెబుతున్నా. నాకప్పుడు 26 ఏళ్లు. జాతరకు వారం ముందు తాలీంలో కుడి మోకాలు మెలిపడింది. ఉస్తాద్‌కు చెబితే ఆపేస్తాడని చెప్పలేదు. వేడి నూనె రాసి, గుడ్డ చుట్టి, ఎవరికీ కనబడకుండా ఆ గుడ్డను గోదా పక్కన విప్పేసి దిగాను. పది నిమిషాలు బాగానే పట్టా. ఎదుటివాణ్ని ఎత్తుదామని బరువంతా ఆ కాలి మీద వేశా. టక్‌మని చప్పుడు నాకే వినిపించింది. మట్టిలో బోర్లా పడి ఉన్నా, కాలు నా మాట వినడం లేదు. ఎదుటివాడు కావాలంటే అప్పుడే నన్ను తిరగేసి చిత్ చేయొచ్చు, కడెం తీసుకోవచ్చు. వాడు చెయ్యి పైకెత్తి డప్పులు ఆపించాడు. తన తువ్వాలుతో నా మోకాలు కట్టి, భుజం మీద వేసుకుని ఎడ్లబండి దాకా మోశాడు. ఆ మోకాలు మళ్లీ మునుపటిలా కాలేదు. ఇప్పటికీ వాన పడే ముందు నాకు తెలిసిపోతుంది. ఆ వారం నోరు తెరిచి చెప్పి ఉంటే ఇంకో పదేళ్లు ఆడేవాణ్నేమో. నీకు ఎక్కడ నొప్పి లేచినా ముందు నాకు చెప్పు. నేను కోప్పడను.

చెవి వాచి మెత్తగా అయితే అది పహిల్వాన్ గుర్తని మురిసిపోకు. రెండు మూడు రోజుల్లోపే డాక్టర్ దగ్గర ఆ రక్తం తీయించి గట్టిగా కట్టు కట్టించుకో, లేకపోతే గడ్డకట్టి అట్లాగే ఉండిపోతుంది. తామర కనిపిస్తే తగ్గేదాకా గోదాలో అడుగు పెట్టకు, తాలీం మొత్తానికి అంటుకుంటుంది. బలానికి సూదులు అమ్మేవాళ్లు ప్రతి జాతరలోనూ తగులుతారు. వాళ్లతో మాటలు కూడా వద్దు.

అన్నిటికంటే నాకు ముఖ్యమైనది ఇది. నువ్వు పిల్లలకు నేర్పడం ఇప్పుడే మొదలుపెట్టు. ఒళ్లు పనిచేయడం మానేశాక ఉస్తాద్‌ను అవుతానంటే కుదరదు. నీ ఒంట్లో పట్టు ఇంకా తాజాగా ఉన్నప్పుడే దాన్ని విడమరిచి చెప్పగలవు. కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట పడటమే నేర్పు. గడ్డం ఛాతీకి ఆనించమను, చెయ్యి చాచి నేల మీద ఊనొద్దని చెప్పు, ఊనితే మణికట్టు పోతుంది. వాళ్ల ముందు నువ్వు పది సార్లు పడి చూపించు. ఉస్తాద్ వీపుకు మట్టి అంటడం చూస్తే పిల్లల భయం పోతుంది.

నీ ధోబీ పచ్చాడ్‌లో ఒక తప్పుంది. భుజం మీదుగా విసరగానే చెయ్యి వదిలేస్తున్నావు. వాడి వీపు నేలకు తాకేదాకా ఆ చెయ్యి నీ చేతిలోనే ఉండాలి. చెయ్యి నీ దగ్గరుంటే వాడి తల కిందికి పోదు. వదిలేస్తే మెడ మీద పడతాడు. మనతో జోడీ పట్టేవాడు రోజూ తన మెడను మన చేతుల్లో పెడుతున్నాడు, వాళ్లమ్మ దగ్గరికి అట్లాగే పంపాలి.

డిగ్రీ అయ్యాక పటియాలాలోని ఎన్‌ఐఎస్‌లో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) నువ్వు కోచింగ్ కోర్సు చేయాలని నా కోరిక. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఒకటుంది, ఏడాది డిప్లొమా వేరే. ఫీజు సంగతి నేను చూసుకుంటా. మీ నాన్నకు ఈ మాట నేనే చెబుతా.

హోళీకి రెండు కుస్తీలకు పో, నేనూ వెంట వస్తా. అంతకు ముందు ఈ ఆదివారం తెల్లవారకముందే తాలీంకు రా. గోదాలో మట్టి మార్చాలి. ఎర్రమట్టి దింపించా, జల్లెడ పట్టే పని నీది. పసుపు, వేపాకు, మజ్జిగ ఇక్కడున్నాయి. నువ్వుల నూనె, నిమ్మకాయలు తీసుకురా. చెల్లె కూడా కుస్తీ నేర్చుకుంటానందని మీ అమ్మ చెప్పింది, దాన్నీ వెంటబెట్టుకుని రా. దాని సైజు బూట్లు తెచ్చి ఉంచా.

మీ మామ