డైరెక్ట్‌ఎక్స్ 12కు మార్చినా దృశ్యాల్లో తేడా లేకపోతే

గేమ్‌లు గ్రాఫిక్స్ కార్డుతో పనిచేయించుకోవడానికి వాడే విండోస్ భాగం డైరెక్ట్‌ఎక్స్. గేమ్ సెట్టింగుల్లో దాన్ని 11 నుంచి 12కు మార్చినా గేమ్ అలాగే కనిపించడానికి కారణం మీ గ్రాఫిక్స్ కార్డు లోపం కాకపోవచ్చు. అవే టెక్స్చర్లను (వస్తువుల పైపూత చిత్రాలను), అవే నీడలను గేమ్ వేరే దారిలో గీస్తోంది, అంతే. 2015లో వచ్చిన 12 ముఖ్యోద్దేశం ప్రాసెసర్‌పై భారం తగ్గించడం. దృశ్యానికి మెరుగులు దిద్దేవి రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి గీసే పద్ధతి) వంటి సౌకర్యాలు. వాటిని గేమ్ తయారుచేసినవారు విడిగా చేర్చాలి.

1. రన్ పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలతో డిఎక్స్‌డయాగ్ (dxdiag) అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి.

2. మొదటి పేజీలో "డైరెక్ట్‌ఎక్స్ 12" చూసి ఆగిపోకండి. చాలామంది పొరబడేది ఇక్కడే. అది విండోస్‌లో ఉన్న వెర్షన్, కార్డు సామర్థ్యం కాదు. డిస్‌ప్లే ట్యాబ్‌లో కార్డు సామర్థ్యాన్ని చెప్పే ఫీచర్ లెవెల్స్ వరుస చదవండి. 12_2 ఉంటే రే ట్రేసింగ్, మెష్ షేడర్లు (వస్తువుల ఆకారాలను సిద్ధం చేసే చిన్న ప్రోగ్రాములు) మీ కార్డుకు సాధ్యమే. లేకపోతే డ్రైవర్ అప్‌డేట్ చేసి మరోసారి చూడండి. అప్పటికీ రాకపోతే ఈ కార్డుతో ఆ మెరుగులు పూర్తిగా అందుతాయని ఆశించకండి.

3. 12 ఎంచుకున్నాక గేమ్ మూసి మళ్లీ తెరవండి. రే ట్రేసింగ్ ఆప్షన్ ఉంటే ఆన్ చేసి, నీటి మడుగు దగ్గర నిలబడి కెమెరాను కిందికి వంచండి. పైనున్న భవనం తెర దాటిపోయినా నీటిలో దాని ప్రతిబింబం నిలిచి ఉంటే అది పనిచేస్తున్నట్టే. మామూలు పద్ధతిలో అయితే ప్రతిబింబం తరచుగా చెరిగిపోతుంది.

4. మొదట్లో వచ్చే కుదుపులు తరచుగా షేడర్లు (దృశ్యాన్ని గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతున్నందువల్లే. కొంతసేపు ఆడాక పోల్చండి.

రే ట్రేసింగ్ ఆప్షనే లేని గేమ్‌లో డైరెక్ట్‌ఎక్స్ 12తో వచ్చే కుదుపులు ఆగకపోతే, నిస్సంకోచంగా 11కు తిరిగి వెళ్లండి.