విదేశీ చదువు, మీ ప్రశ్నలు: అప్లికేషన్ మీ చేతుల్లోనే ఉండాలి

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకుల ప్రశ్నలు తీసుకున్నాం. అడిగినవాళ్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: కావలి దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను. సీజీపీఏ 7.1. రెండు బ్యాక్‌లాగ్స్ ఉండేవి, క్లియర్ చేశాను. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫీజు లేకుండా అమెరికాలో ఎనిమిది యూనివర్సిటీలకు అప్లై చేస్తామన్నారు. నా పేరు మీద ఒక మెయిల్ ఐడీ వాళ్లే తెరిచారు, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంది. ఎస్ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం), రికమండేషన్ లెటర్లు కూడా వాళ్లే చూసుకుంటారట. బ్యాక్‌లాగ్స్ సంగతి ఎక్కడా రాయొద్దన్నారు. నాన్న సరే అంటున్నారు, నాకే భయంగా ఉంది. (కావలి)

జవాబు: నీ భయంలో అర్థం ఉందమ్మా. ముందు ఆ పాస్‌వర్డ్ తీసేసుకో, మిగతావి తర్వాత. యూనివర్సిటీ నుంచి వచ్చే ప్రతి మాట, అడ్మిషన్ వచ్చిందనో రాలేదనో, ఏదైనా కాగితం తక్కువైందనో, చివరికి ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కూడా, ఆ మెయిల్‌కే వస్తుంది. అది వేరేవాళ్ల చేతిలో ఉంటే, ఎక్కడెక్కడ సీటు వచ్చిందో వాళ్లు చెప్పిందే నీకు తెలుస్తుంది, చెప్పనిది తెలియదు. పాస్‌వర్డ్ ఇచ్చేది లేదని వాళ్లంటే ఆ మెయిల్ వదిలేసి, నీ సొంత ఐడీతో మళ్లీ మొదలుపెట్టు.

ఫీజు లేకుండా ఎలా చేస్తారని నువ్వు అడగలేదు కానీ అది అడగాల్సిన ప్రశ్నే. కొన్ని యూనివర్సిటీలు ఒక్కో విద్యార్థికి ఇంతని ఏజెంట్లకు కమీషన్ ఇస్తాయి. అలాంటప్పుడు వాళ్ల లిస్టులో ముందు వచ్చేది నీకు సరిపోయే యూనివర్సిటీనా, వాళ్లకు కమీషన్ ఇచ్చేదా? లిస్టు తీసుకో, తప్పులేదు, కానీ ప్రతి పేరుకూ ఆ యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి కోర్సులు, ఫీజు, ఆఖరు తేదీ నువ్వే చదువు. అమెరికా ప్రభుత్వం నడిపే స్టడీ ఇన్ ద స్టేట్స్ వెబ్‌సైట్‌లో, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చేవాళ్లను చేర్చుకునే అనుమతి ఆ యూనివర్సిటీకి ఉందో లేదో కూడా చూసుకోవచ్చు.

బ్యాక్‌లాగ్స్ దాచలేవు. నీ మార్కుల మెమోల్లో ఏ పేపర్ ఏ నెలలో పాసయ్యావో ఉంటుంది, చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. నెల్లూరు జిల్లా కాలేజీలు జేఎన్‌టీయూ అనంతపురం కిందికి వస్తాయి, ప్రకాశం కాలేజీలు కాకినాడ కిందికి. ట్రాన్‌స్క్రిప్ట్స్ (మార్కుల అధికారిక పత్రాలు) యూనివర్సిటీ నుంచే రావాలి, వాటికి టైం పడుతుంది, కాబట్టి ఆ దరఖాస్తు ఈ వారమే పెట్టు. ఎస్ఓపీలో బ్యాక్‌లాగ్స్ గురించి ఒక్క వాక్యం చాలు: ఏ సబ్జెక్ట్, ఎందుకు పోయింది, ఆ తర్వాత దానికి కొనసాగింపుగా ఉండే సబ్జెక్ట్‌లో ఎంత వచ్చింది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పోయి, ఆ తర్వాత డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో మంచి మార్కులు వచ్చాయనుకో, అది నీకు అనుకూలమైన సంగతే అవుతుంది.

ఎస్ఓపీ నువ్వే రాయి. ఇంగ్లిష్ గొప్పగా లేకపోయినా పర్వాలేదు, తప్పులు దిద్దించుకోవచ్చు. "చిన్నప్పటి నుంచి నాకు టెక్నాలజీ అంటే ప్రాణం" అని మొదలయ్యే రెడీమేడ్ కాగితం చదివేవాళ్లు రోజూ చూస్తూనే ఉంటారు. నీ ప్రాజెక్టులో బోర్డు ఎందుకు వేడెక్కింది, దానికి నువ్వేం చేశావు, ఇంకా ఏం తేలలేదు, అది రాయి. ఇంకో కారణం కూడా ఉంది. చెన్నై కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఈ యూనివర్సిటీయే ఎందుకని అడిగితే, తను రాయని ఎస్ఓపీ బట్టీపట్టిన పిల్ల అక్కడే తడబడుతుంది.

ఇక రికమండేషన్లు. మన కాలేజీల్లో "నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతా" అనడం మామూలే, సార్లకు వందమంది ఉంటారు. అయినా యూనివర్సిటీ పంపే లింకు సార్ మెయిల్‌కే వెళ్లాలి, సార్ చేతులతోనే అప్‌లోడ్ అవ్వాలి. సార్ పేరుతో కన్సల్టెన్సీవాళ్లు ఇంకో మెయిల్ తెరిచి పంపారంటే అది ఫోర్జరీ, బయటపడితే పోయేది నీ సీటే. నువ్వు చేయాల్సింది, ఆయన దగ్గర ఏ సబ్జెక్టులు చదివావు, ఎన్ని మార్కులు, ల్యాబ్‌లో ఏం చేశావు, ఆయనకు గుర్తుండే సంఘటన ఏదైనా ఉంటే అదీ, ఒక పేజీలో రాసి చేతికివ్వడం. ఆఖరు తేదీకి నెల ముందు అడుగు. వారం ముందు గుర్తుచేయి, ఏమనుకుంటారో అని మొహమాటపడకు.

ప్రశ్న: విక్రమ సింహపురి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ చేస్తున్నాను. మాది అల్లూరు వైపు, ఇంట్లో రొయ్యల గుంటలున్నాయి, రెండేళ్లుగా నష్టం. అమెరికాలో పీహెచ్‌డీ చేయాలని ఉంది కానీ డబ్బు లేదు. మా లాంటివాళ్లకు అవుతుందా? (నెల్లూరు)

జవాబు: అవుతుంది తమ్ముడూ, డబ్బు లేనివాళ్లు ముందు చూడాల్సింది పీహెచ్‌డీ వైపే. మనవాళ్లకు ఎమ్మెస్ గురించి తెలిసినంతగా ఇది తెలియదు. అక్కడ సైన్స్ పీహెచ్‌డీలో సాధారణంగా టీచింగ్ అసిస్టెంట్‌గానో రీసెర్చ్ అసిస్టెంట్‌గానో తీసుకుంటారు, ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, నెలనెలా బతకడానికి సరిపడా స్టైపెండ్ ఇస్తారు. అప్లికేషన్లు చాలాచోట్ల డిసెంబర్‌లోనే ముగుస్తాయి, అంటే ప్రొఫెసర్లకు ఆగస్టు, సెప్టెంబర్లలోనే రాయాలి.

రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్" అంటూ ఒకే మెయిల్ యాభైమందికి పంపకు. నీ దగ్గర వేరేవాళ్ల దగ్గర లేనిది ఒకటుంది. వెనామీ రొయ్యల గుంటలో తెల్లమచ్చ జబ్బు వస్తే మూడు నాలుగు రోజుల్లో పంట ఎలా చేజారిపోతుందో, రొయ్యలు గట్టు పక్కకి చేరడం దగ్గర నుంచి నువ్వు కళ్లారా చూశావు. రొయ్యల జబ్బుల మీద పనిచేసే ప్రొఫెసర్ పేపర్ ఒకటి పూర్తిగా చదివి, నువ్వు గుంట దగ్గర చూసింది అందులో దేనికి సరిపోతోంది, దేనికి సరిపోవడం లేదు, పది వాక్యాల్లో రాయి. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఇంకోసారి రాయి, అప్పుడూ రాకపోతే ఇంకొకరికి. చాలామంది జవాబివ్వరు, దానికి కుంగిపోకు.

ఒక్క తేదీ గుర్తుంచుకో: ఏప్రిల్ 15. యూనివర్సిటీల సంఘమైన కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఒప్పందంలో ఉన్న యూనివర్సిటీలు, ఫండింగ్‌తో సీటిచ్చినప్పుడు ఆ తేదీ లోపే ఒప్పుకోమని నిన్ను బలవంతపెట్టకూడదు. ఫిబ్రవరిలో ఆఫరొస్తే కంగారుపడి సంతకం చేయకుండా, మిగతావాటి కోసం ఆగొచ్చు.

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. ఆరెకరాల పొలం, ఆకు క్యూరింగ్ చేసే బ్యారన్ ఒకటి ఉన్నాయి, పొగాకు వేస్తాం. అబ్బాయికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది, మొత్తం 40 లక్షలవుతుందంటున్నారు. బ్యాంకుకు పోతే పొలం తాకట్టుగా తీసుకోబోమన్నారు. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. అకౌంట్‌లో చూపించడానికి డబ్బు సర్దే మనిషి కూడా ఒకాయన ఉన్నాడు. ఏం చేయమంటారు? (కందుకూరు)

జవాబు: అన్నా, ఆ రెండు రూపాయల వడ్డీ జోలికి మాత్రం పోవద్దు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 40 లక్షల మీద నెలకు 80 వేల వడ్డీ, అసలు కదలదు. పిల్లాడికి చదువైపోయి ఉద్యోగం రావడానికి రెండేళ్ల పైనే పడుతుంది, అప్పటిదాకా ఏ పొగాకు పంటా ఆ వడ్డీ కట్టలేదు, అది మీకే బాగా తెలుసు.

బ్యాంకువాళ్లు పొలం వద్దన్నది మీ మీద నమ్మకం లేక కాదు. అప్పు తీరనప్పుడు తాకట్టు ఆస్తిని కోర్టుకు పోకుండా స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇస్తుంది, కానీ వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. అందుకే ఇలాంటి పెద్ద అప్పుకు పొలం చూపిస్తే వెనక్కి తగ్గుతారు. కందుకూరులోనో ఒంగోలులోనో ఇల్లు, అనుమతి ఉన్న లేఅవుట్‌లో ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎల్ఐసీ పాలసీ లాంటివైతే చూస్తారు. మీ బావమరిదిదో అన్నదమ్ములదో పట్నంలో ఆస్తి ఉంటే వాళ్లు హామీగా రావొచ్చు, కానీ అది వాళ్ల ఇల్లు, అంతా విడమరిచి చెప్పి, వాళ్లింట్లో ఆడవాళ్లు కూడా ఒప్పుకున్నాకే అడగండి. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద అప్పులేమీ లేవని చూపే పత్రం) ముందే తీసి పెట్టుకోండి, ఆలస్యమయ్యేది అక్కడే. కేంద్ర ప్రభుత్వ విద్యాలక్ష్మి పోర్టల్‌లోనూ దరఖాస్తు చేయించండి.

బ్యాంకులో 11 శాతం అనుకుందాం. 40 లక్షలూ తీసుకుంటే ఏడాదికి 4 లక్షల 40 వేల వడ్డీ. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 55 వేల కిస్తీ, చదువుకునే రోజుల వడ్డీ కలిస్తే ఇంకా పెరుగుతుంది. ఈ లెక్క అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద వేయండి. 40 లక్షలెందుకవుతున్నాయో కూడా అడగండి. అదే కోర్సుకు చిన్న ఊళ్లో ఉన్న స్టేట్ యూనివర్సిటీలో ఫీజూ ఇంటి అద్దే చాలా తక్కువ కావొచ్చు. సీటు ఒక ఏడాది వెనక్కి జరిపి, ఈలోపు అలాంటి వాటికి అప్లై చేయడం నామోషీ కాదు.

అకౌంట్‌లో డబ్బు సర్దే మనిషిని దగ్గరికి రానివ్వకండి. ఐ-20 కోసం చూపించాల్సింది సాధారణంగా మొదటి ఏడాది ఖర్చే, బ్యాంకు ఇచ్చే లోన్ శాంక్షన్ లెటర్ దానికి పనికొస్తుంది. లేని డబ్బు ఉన్నట్టు చూపిస్తే వీసా దగ్గర దొరికే ప్రమాదం ఒకటి, దొరక్కపోతే రెండో సెమిస్టర్ ఫీజు దగ్గర పిల్లాడు ఒంటరిగా నిలబడిపోవడం ఇంకొకటి. ఆ రెండోదే నాకు ఎక్కువ బాధ.

ప్రశ్న: ఒంగోలు నుంచి వచ్చి టెక్సాస్‌లో ఎమ్మెస్ మొదటి సెమిస్టర్‌లో ఉన్నాను. ఖర్చులకు చాలక ఒక పెట్రోల్ బంకు షాపులో రాత్రిళ్లు చేస్తున్నాను, చేతికి క్యాష్ ఇస్తారు. నిద్రలేక ఒక సబ్జెక్ట్ పోయేలా ఉంది. ఫ్రెండ్స్ ఇంకో యూనివర్సిటీకి మారితే మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చంటున్నారు. ఇంట్లో ఏమీ చెప్పలేదు. (టెక్సాస్ నుంచి)

జవాబు: నాన్నా, ఆ పని ఆపేయి. నిన్ను తిట్టడానికి చెప్పడం లేదు, నీ అవసరం నాకు అర్థమైంది. కానీ ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే స్టేటస్ (అక్కడ చట్టబద్ధంగా ఉండే అర్హత) పోతుంది. క్యాంపస్ లోపలైతే క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు చేయొచ్చు: డైనింగ్ హాలు, లైబ్రరీ, ల్యాబ్. ఒక్క పోర్టల్‌లో అప్లై చేసి కూర్చోకుండా డైనింగ్ మేనేజర్ దగ్గరికి నేరుగా వెళ్లి అడుగు, సెమిస్టర్ మొదట్లోనూ మధ్యలోనూ కొందరు మానేస్తుంటారు.

యూనివర్సిటీ మారే మాట నమ్మేముందు ఒక సంగతి తెలుసుకో. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా అధికారులే నిఘా కోసం ఒక బూటకపు యూనివర్సిటీ నడిపారు. క్లాసుల్లేకుండా స్టేటస్, పని దొరుకుతాయని చేరినవాళ్లలో వందమందికి పైగా భారతీయ విద్యార్థుల్ని 2019 జనవరిలో అదుపులోకి తీసుకున్నారు, వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. మామూలు పద్ధతిలో సీపీటీ (చదువులో భాగంగా క్యాంపస్ బయట పనిచేసే అనుమతి) ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే వస్తుంది, చదువైపోయాక ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సయితే ఇంకో 24 నెలలు. ఈ దారి పాడుచేసుకోకు.

సబ్జెక్ట్ సంగతి: ఈ వారం ఆ ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లు. మన దగ్గర సార్ రూముకు వెళ్లడమంటే ఏదో తప్పు చేసినట్టు, అక్కడ ఆ గంటలు ఉన్నదే నీలాంటివాళ్ల కోసం. డ్రాప్ చేయాలనుకుంటే మాత్రం ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగకుండా చేయొద్దు, క్రెడిట్లు తగ్గితే అదీ స్టేటస్‌కి చిక్కే. ఎమ్మెస్‌లో సాధారణంగా 3.0 జీపీఏ నిలబెట్టుకోవాలి, ఒక సీ గ్రేడ్ వచ్చినా తర్వాతి సెమిస్టర్‌లో సర్దుకోవచ్చు. ఇప్పటిదాకా చేసిన రాత్రిపని వల్ల స్టేటస్‌కి వచ్చిన చిక్కుకు ఏం చేయాలో ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచితంగా లాయర్ సలహా దొరుకుతుంది, కౌన్సెలింగ్ కూడా ఉంటుంది. రెండూ వాడుకో.

ఇంట్లో చెప్పు. ముందు అమ్మకో అక్కకో, ఎవరితో తేలిగ్గా మాట్లాడగలవో వాళ్లకు. "వచ్చే నాలుగు నెలలకు ఇంత తక్కువ పడుతోంది" అని అంకెతో చెప్పు. ఏదో కష్టంలో ఉన్నాడని ఊహించుకుంటూ నిద్రపోకుండా ఉండటం కన్నా వాళ్లకు ఆ అంకె నయం.

ప్రశ్న: ఆగస్టులో మా అమ్మాయి చెన్నై నుంచి ఫ్లైట్ ఎక్కుతోంది. ఆవకాయ, రొయ్యల పచ్చడి పెట్టొచ్చా? ఇంకేం సర్దాలి? (వేదాయపాలెం)

జవాబు: ఆవకాయ, గోంగూర పెట్టండమ్మా, నూనె కారకుండా సీలు వేయించండి. కోడి, మటన్ పచ్చళ్లు వద్దు. రొయ్యలదైనా ఇంకేదైనా తినేవి తెచ్చానని అక్కడి కస్టమ్స్‌వాళ్లకు ముందే చెప్పేయాలి, చెప్పి పారేయించుకుంటే పచ్చడే పోతుంది, దాచి దొరికితే జరిమానా. మందులుంటే డాక్టరు చీటీతో సహా పెట్టండి. ఐ-20లో రాసిన ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజుల కన్నా ముందు ఎఫ్-1 మీద దిగనివ్వరు, టికెట్ తేదీ ఐ-20తో సరిచూసుకోండి. ఐ-20, పాస్‌పోర్ట్, అడ్మిషన్ లెటర్, లోన్ కాగితాలు చెక్-ఇన్ పెట్టెలో వేయకండి, దిగగానే ఇమిగ్రేషన్ అధికారి అడిగేది అవే, పెట్టె వచ్చేది ఆ తర్వాత.