దారి అడగండి: పుదుచ్చేరిలో రెండు రోజులు

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో రెండు రోజులు పుదుచ్చేరి పోదామనుకుంటున్నాం. మేమిద్దరం, పదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప, మా అత్తగారు. పిల్లలకి సముద్రంలో ఆడుకోవాలని. అత్తగారికి గుడీ, శాకాహార భోజనమూ ఉంటే చాలు. మా ఆయనేమో "అక్కడ బ్రాందీ షాపులు తప్ప ఏముంది" అంటున్నారు. ట్రావెల్స్ వాళ్ళు పదిహేను పాయింట్ల లిస్టు ఇచ్చారు. అన్నీ అవుతాయా?
– ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: ఎందుకు కావమ్మా? బండెక్కితే సాయంత్రానికల్లా పదిహేనూ అయిపోతాయి. ఏదీ చూసినట్టు మాత్రం ఉండదు. తిరుపతిలో ఉండేదాన్ని, ఇది నాకు రోజూ కనబడే తంతే. కొండెక్కి దర్శనం చేసుకుని, దిగీ దిగగానే స్టేషన్‌కి పరుగెత్తేవాళ్ళకి చంద్రగిరి కోట కూతవేటు దూరంలో ఉందని కూడా తెలీదు. పుదుచ్చేరి కాళ్ళతో తిరగాల్సిన ఊరు. లిస్టులో సగం కొట్టేయండి. బీచ్ రోడ్డుకి నడిచిపోయేంత దగ్గర్లో రూము ముందే బుక్ చేసుకోండి. పొంగల్‌కి అప్పటికప్పుడు దొరకడం కష్టం.

సొంత కారైతే వేలూరు, తిరువణ్ణామలై, సెంజి, తిండివనం మీదుగా పోండి. సెంజి కోట కొండలు రోడ్డు మీదికే కనబడతాయి. దేశింగు రాజు కథ మీ అత్తగారు చిన్నప్పుడు బుర్రకథలో వినే ఉంటారు, ఆ కోట ఇదే. పిల్లలకి ఆమె చేతే చెప్పించండి. బీచ్ రోడ్డులో గాంధీ విగ్రహం చుట్టూ నల్లరాతి స్తంభాలుంటాయి. అవి సెంజి నుంచి తెచ్చినవేనంటారు. తిండివనం దాటాక పుదుచ్చేరి దారిలోనే పంచవటి ఆంజనేయస్వామి గుడి. పంచముఖ విగ్రహం 36 అడుగులు. అత్తగారి గుడి ముచ్చట దార్లోనే తీరిపోతుంది. ఊళ్ళో మణక్కుళ వినాయకుడి గుడి ఎలాగూ ఉంది.

ఇక సముద్రం. ఊరి ముందున్నది ఎక్కువగా రాళ్ళగుట్టల తీరం, స్నానాలకి పనికిరాదు. ఒకప్పుడు ఇక్కడంతా ఇసకే. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన హార్బర్ కోసం సముద్రంలోకి రాతిగోడలు కట్టారు. ఈ తీరంలో ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఆ గోడలు దాన్ని అక్కడే ఆపేశాయి, ఊరి ముందున్నది కొట్టుకుపోయింది. రోడ్డు కోసుకుపోకుండా ఈ రాళ్ళు పోశారు. ఈమధ్య నీళ్ళలో అడ్డుకట్ట ఒకటి వేశాక కొంత మేర ఇసక తిరిగి వచ్చింది. అక్కడ పిల్లలు ఆడుకోవచ్చు, కాళ్ళు తడుపుకోవడం వరకే. చున్నాంబారు నుంచి పడవలో ప్యారడైజ్ బీచ్‌కి పోతే ఇసక బాగుంటుంది, అలల లాగుడు కూడా గట్టిగానే ఉంటుంది. అక్కడా మోకాళ్ళ లోతు దాటనివ్వకండి.

బీచ్ రోడ్డు మీద సాయంత్రం నుంచి పొద్దున దాకా బండ్లు రానివ్వరు. పిల్లల్ని వదిలేసి మీరు హాయిగా నడవొచ్చు. పొద్దున్నే ఐదున్నరకి లేచి పోండి, సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు. అటునుంచటే పాత ఫ్రెంచి వీధుల్లోకి తిరగండి. పసుపు గోడలకి తెల్ల అంచులు, గోడ మీంచి వీధిలోకి వాలిన కాగితంపూల తీగలు, మూలన ఫ్రెంచిలోనూ తమిళంలోనూ వీధి పేరు రాసిన నీలిరంగు రేకు. ఎండెక్కితే ఈ గోడలన్నీ ఫోటోలవాళ్ళ పాలే. పెద్ద కాలవ దాటి పడమటికి పోతే తమిళ వీధులు. ఇంటి ముందు తిన్నెలు, చెక్క స్తంభాలు. మన పాత పల్లెటూళ్ళు చూసినట్టే ఉంటుంది. నన్నడిగితే ఈ వైపే బాగుంటుంది. ఫోటోలకోసం మాత్రం అందరూ ఆ వైపే పోతారు.

భారతి పార్కు మధ్యలో తెల్లటి ఆయి మండపం ఉంది. మన కృష్ణదేవరాయలు ఇటొచ్చి, దీపాలతో వెలుగుతున్న ఇల్లు చూసి గుడనుకుని దండం పెట్టాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి కూల్చమన్నాడట. ఆమె గడువడిగి, తనే పడగొట్టించి ఆ చోట చెరువు తవ్వించిందట. ఫ్రెంచివాళ్ళ కాలంలో ఊరికి నీళ్ళు ఆ చెరువునుంచే వచ్చాయి. కట్టు కథో నిజమో గానీ, రాయల పేరు ఈ కథలో గొప్పగా లేదు, ఆమె పేరు మీద మాత్రం మండపం నిలబడింది.

అరవిందాశ్రమంలో మాట్లాడకూడదు, ఫోను ఆపేయాలి. మూడేళ్ళలోపు పిల్లల్ని రానివ్వరు కాబట్టి మీ పాపకి ఇబ్బంది లేదు. అరవిందులు 1910లో ఈ ఊరొచ్చి చివరిదాకా ఇక్కడే ఉన్నారు. పూలతో కప్పిన సమాధి దగ్గర అత్తగారు కాసేపు కూర్చుంటానంటే తొందరపెట్టకండి. ఊరికి దగ్గర్లోనే ఆరోవిల్ అనే ఆశ్రమవాసుల ఊరు ఉంది, అక్కడ మాతృమందిరం అనే బంగారు గోళం లోపలికి పోవాలంటే ముందే బుక్ చేసుకోవాలి. బయటనుంచి చూడ్డానికి పాస్ అక్కడే ఉచితంగా ఇస్తారు, కొంత దూరం నడవాలి. పుదుచ్చేరి మ్యూజియం సోమవారం ఉండదు. అరికమేడులో రోమన్లతో వ్యాపారం చేసిన పాతరేవు బయటపడింది. చదువుకున్నవాళ్ళకి అది పెద్ద విషయమే. పిల్లలకి అక్కడ పాడుబడ్డ గోడలు తప్ప ఏం కనబడవు, వదిలేయండి.

భోజనానికి నెహ్రూ వీధి వైపు రండి, ఇడ్లీ, దోసె, మీల్స్ అన్నీ దొరుకుతాయి. బీచ్ పక్క కేఫుల్లో బిల్లు చూస్తే మీ ఆయనకి టెన్షన్ వస్తుంది. పొద్దున్నే ఏదైనా బేకరీలో పొడుగాటి ఫ్రెంచి బ్రెడ్డు వేడిగా కొని పిల్లలకి విరిచి పెట్టండి.

ప్రశ్న: అక్కడ మందు చవకంట కదా. నాలుగు సీసాలు తెచ్చుకోవచ్చా?
– పేరు రాయలేదు, పుత్తూరు

జవాబు: వద్దు నాయనా. పుదుచ్చేరి దాటగానే తమిళనాడు, అదీ దాటితే మన సరిహద్దు. ఎక్కడైనా ఆపి డిక్కీ తెరవమంటారు. నువ్వు మిగుల్చుకున్నదానికి పదింతలు వదులుతుంది.

ప్రశ్న: మేం నలుగురం డిగ్రీ విద్యార్థులం. తిరుపతి నుంచి ఒక్క రోజులో, తక్కువ ఖర్చుతో నీళ్ళూ పక్షులూ చూసి రావడానికి ఏదైనా చెప్పండి.
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: 2022 నుంచి పులికాట్ సరస్సులో చాలా భాగం మన జిల్లాలోదే, ఇంకెక్కడికో ఎందుకు? శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్ళూరుపేట పోండి. దార్లో దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడబాతులు చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. చలికాలంలో పిల్లలతో సహా కనబడతాయి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. రెండు వైపులా పలచటి నీళ్ళు, దూరంగా గులాబీ గీతలా ఫ్లెమింగోలు. దగ్గరికి రావు, బైనాక్యులర్ ఎవరిదైనా అడిగి పట్టుకుపోండి. తిండీ నీళ్ళూ సూళ్ళూరుపేటలోనే చూసుకోండి, ఆ రోడ్డు మీద ఏం దొరకవు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజైతే వ్యూ గ్యాలరీకి ముందే ఆన్‌లైన్‌లో పేర్లు ఇవ్వాలి. సీట్లు ఇట్టే అయిపోతాయి, ప్రకటన వచ్చిన రోజే కూర్చోండి.