పీహెచ్‌పీ ప్రాజెక్టుకు ఏ సీఐ సాధనం?

ప్రశ్న: మేము విజయవాడ మొగల్రాజపురంలో ఐదుగురం కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాము. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులకు పీహెచ్‌పీలో రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రామే మాకు ఆధారం. కోడ్ గిట్‌హబ్‌లో ప్రైవేటుగా ఉంది. మార్పు చేసిన ప్రతిసారీ మా ల్యాప్‌టాప్‌లలో చేత్తోనే సరిచూస్తాము. ల్యాప్‌టాప్‌లలో ఉన్నది పీహెచ్‌పీ 7.4. గత నెల సర్వర్‌ను 8కి మార్చగానే, తూకం గడి ఖాళీగా వదిలినా బిల్లు సేవ్ అయిపోయి, వ్యాపారులతో మాట పడవలసి వచ్చింది. కోడ్ మారిన ప్రతిసారీ తనంతట తానే పరీక్షలు నడిపే సీఐ (కంటిన్యువస్ ఇంటిగ్రేషన్) సాధనాలు జెంకిన్స్, గిట్‌హబ్ యాక్షన్స్, గిట్‌ల్యాబ్ సీఐలలో ఏది పెట్టుకోమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ కోడ్ ఇప్పటికే గిట్‌హబ్‌లో ఉంది కనుక యాక్షన్స్‌తోనే మొదలుపెట్టండి. గిట్‌ల్యాబ్‌లో ఉండి ఉంటే గిట్‌ల్యాబ్ సీఐనే చెప్పేవాణ్ణి. సాధనం కోసం కోడ్‌ను ఇల్లు మార్చవలసినంత తేడా వాటి మధ్య లేదు.

మీ తూకం గడి సంగతి చూద్దాము. ఖాళీ స్ట్రింగును సున్నాతో రెండు సమాన గుర్తులు పెట్టి పోలిస్తే, పీహెచ్‌పీ 7 వరకు అవి సమానమనే జవాబు వచ్చేది. 2020 నవంబరులో విడుదలైన 8.0 నుంచి సమానం కాదని వస్తుంది. తూకం సున్నా అయితే బిల్లును ఆపాలని మీరు రాసిన షరతు బహుశా ఇక్కడే జారిపోయింది. 7.4 ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు సరిచూసినా ఈ తప్పు కనబడదు. సర్వర్‌లో ఉన్న వెర్షన్‌తోనే, ప్రతి పుష్‌కూ (అంటే కోడ్‌ను గిట్‌హబ్‌కు పంపిన ప్రతిసారీ), ఏమీ లేని కొత్త యంత్రంపై పరీక్షలు నడపడమే సీఐ మీకు చేసిపెట్టే మేలు.

ఖర్చు మాటకొస్తే, గిట్‌హబ్ ఉచిత ఖాతాలో ప్రైవేటు కోడ్‌కు నెలకు 2,000 నిమిషాలు లభిస్తాయి. ఒక్కో రన్ 4 నిమిషాలు పట్టి, రోజుకు 15 పుష్‌లు, నెలకు 25 పనిరోజులు అనుకుంటే 1,500 నిమిషాలవుతుంది. అదే పరీక్షను రెండు పీహెచ్‌పీ వెర్షన్లపై నడిపితే 3,000 అయి, ఆ ఉచిత పరిమితి దాటుతుంది. కాబట్టి మీ సర్వర్‌లో ఉన్న వెర్షన్ ఒక్కటే పెట్టుకుని, పీహెచ్‌పీ ప్యాకేజీలను తెచ్చిపెట్టే కంపోజర్ దింపుకున్న ప్యాకేజీలను క్యాష్ చేయండి, అంటే ప్రతిసారీ మళ్లీ దింపకుండా దాచుకోండి.

జెంకిన్స్ ఉచితమే, శక్తిమంతమే. 2011లో హడ్సన్ నుంచి విడిపోయి ఆ పేరు పెట్టుకున్న ఈ జావా ప్రోగ్రామును మీ సొంత యంత్రంపై నడపాలి. జావాను, ప్లగిన్లను, కరెంటు పోయినప్పుడు ఆ యంత్రాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఐదుగురిలో ఒకరి సమయం దానికే పోతుంది. కోడ్ మా ఆవరణ దాటకూడదని ఖాతాదారు పట్టుబడితే తప్ప దాని జోలికి వెళ్లవద్దు.

ఏ సాధనం తీసుకున్నా ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరిగా పాటించండి. పీహెచ్‌పీ ప్రాజెక్టులు ఎన్నో ఒకప్పుడు నమ్ముకున్న ట్రావిస్ సీఐ, ఓపెన్ సోర్స్ కోసం ఉచితంగా నడిపిన సైటును 2021 జూన్‌లో మూసివేసినప్పుడు, పనులన్నీ దాని ఫైలులోనే రాసుకున్నవారు తిరిగి రాసుకోవలసి వచ్చింది. అందుకని మీ పరీక్షల ఆదేశాలను కంపోజర్.జేసన్ ఫైలులోని స్క్రిప్ట్స్ భాగంలో ఒకే పేరు కింద పెట్టి, యాక్షన్స్ ఫైలులో ఆ పేరును మాత్రమే పిలవండి. అదే ఆదేశం మీ ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండే కంపోజర్.లాక్ ఫైలును కూడా గిట్‌లో చేర్చి, సీఐలో అప్‌డేట్ కాక ఇన్‌స్టాల్ మాత్రమే నడపండి. లేకపోతే మీరు సరిచూసిన ప్యాకేజీలు వేరు, సర్వర్‌కు వెళ్లేవి వేరు అవుతాయి.

స్క్రిప్టులో త్వరగా అయిపోయేవి ముందు ఉండాలి: వాక్యనిర్మాణ తప్పులకు పీహెచ్‌పీ సొంత లింట్, తరువాత కోడ్‌ను నడపకుండానే తప్పులు పట్టే పీహెచ్‌పీస్టాన్, చివర మీరు రాసిన పరీక్షలను నడిపే పీహెచ్‌పీయూనిట్. పాత కోడ్‌పై పీహెచ్‌పీస్టాన్‌ను నేరుగా పైస్థాయిలో నడిపితే వందల తప్పులు చూపి మీ వాళ్లను బెదరగొడుతుంది. సున్నా స్థాయితో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. పీహెచ్‌పీయూనిట్‌లో తూకం గడి ఖాళీగా ఉన్న బిల్లును తిరస్కరించాలనే పరీక్షను మొదట రాయండి. షరతును సరిదిద్దకముందే దాన్ని ఒకసారి పుష్ చేసి, యాక్షన్స్ పేజీలో ఎర్రగుర్తు పడిందని కళ్లారా చూశాక సరిదిద్దండి.