20 నెలల పడ్డ ఎదకు వస్తే సూది వేయించవచ్చా?

మీరు అడిగినవి రెండు సంగతులు. 20 నెలల ముర్రా పడ్డ (ఇంకా ఈనని గేదె) మొదటిసారి ఎదకు వచ్చింది, చూడి కట్టడానికి వీర్యం సూది వేయించాలా ఆగాలా అన్నది ఒకటి. పెయ్య దూడల్ని పెంచుకోవడం మేలా, అమ్మేసి కావలసినప్పుడు పాలగేదెను కొనుక్కోవడం మేలా అన్నది రెండోది. మాది దుగ్గిరాల పక్క పల్లె. అత్తగారింటికి వచ్చిన దగ్గర్నుంచీ, అంటే 16 ఏళ్లుగా, చావిడి పని నాదే. ఇప్పుడున్న 11 గేదెల్లో 8 మా చావిట్లో పుట్టినవే.

ముందు పడ్డ సంగతి. తొందరపడి సూది వేయించకండి, దాన్ని కొలవండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా గౌరి. నేను మొదటిసారి దగ్గరుండి పెంచిన పడ్డ అది. 19 నెలలకే ఎదకొచ్చి తీగలు వేసింది. ఇరుగుపొరుగు అందరూ మంచి జాతి అన్నారు, నాకూ గర్వంగా అనిపించి అదే రోజు సూది వేయించాను. ఒక్క సూదికే చూడి నిలిచింది. పది నెలలు నిండాక ఓ రాత్రి నొప్పులు మొదలయ్యాయి. దూడ ముందుకాళ్లు కనిపించాయి కానీ తల రావడం లేదు. డాక్టరుగారు వచ్చి తాళ్లు కట్టి లాగేసరికి రెండు దాటింది. దూడ దక్కలేదు. గౌరి నాలుగు రోజులు లేవలేకపోయింది, కింద గడ్డి పరిచి గంటకోసారి పక్క మార్చాం. ఆ ఈతలో పూటకు రెండు లీటర్లు దాటలేదు, మళ్లీ ఎదకు రావడానికి ఏడాది పైన పట్టింది. దాని ఒళ్లు ఇంకా ఎదగాల్సి ఉండగానే కడుపులో దూడనూ పెంచమన్నాను. తప్పు నాదే.

గ్రేడెడ్ ముర్రా (నాటు గేదెకు ముర్రా దున్నతో మెరుగుపరిచిన జాతి) పడ్డ కనీసం 275 కిలోలు, వీలైతే 300 కిలోలు వచ్చాకే చూడి కట్టించాలి. వెయింగ్ మిషన్ అక్కర్లేదు. ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టూ పురికొస తిప్పి ముడి దగ్గర గుర్తు పెట్టుకోండి. టైలరు టేపు 60 అంగుళాలే ఉంటుంది, చాలదు. భుజం ముందు ఎముక నుంచి తోక పక్కన ఉండే తుంటి ఎముక దాకా పొడవు కొలవండి. రెండూ అంగుళాల్లో తీసుకుని, ఛాతీ చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, మళ్లీ పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఛాతీ 64 అంగుళాలు, పొడవు 48 ఉంటే సుమారు 298 కిలోలు. కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, మన పనికి సరిపోతుంది. కొలిచేటప్పుడు నాలుగు కాళ్లమీద సమంగా నిలబడాలి, తల కుడితి తొట్టిలో ఉండకూడదు.

బరువు తగ్గితే ఈ ఎద వదిలేయండి. వదిలేస్తే మళ్లీ రాదని మా అత్తయ్య కూడా భయపడేవారు. ఆరోగ్యంగా ఉన్న పడ్డకు 21 రోజులకు అటూ ఇటూగా మళ్లీ వస్తుంది. అయితే గేదెల్లో మూగ ఎద ఎక్కువ. ఆవులా అరవదు, మరో గేదె మీదికి ఎక్కదు. ఎండాకాలంలో అయితే మరీ కనిపెట్టలేం. నేను రాత్రి పదింటికి, తెల్లవారుజామున నాలుగింటికి టార్చి పట్టుకుని వెళ్తాను. పడుకున్నప్పుడు గుడ్డు తెల్లసొనలాంటి తీగ కింద జారుతుంది, కాసేపటికోసారి కొంచెం కొంచెంగా మూతిరి పోస్తుంది. తెల్లవారుజామున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున్న సూది వేయిస్తాం. తేదీ గోడ క్యాలెండర్ మీద, ఏ నంబరు దున్న వీర్యమో నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఈ నంబరు మాట నిర్లక్ష్యం చేయకండి. తల్లికి వాడిన దున్న వీర్యమే కూతురికీ వేస్తే తండ్రితోనే కట్టించినట్టు. పెయ్య దూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం దొరికితే పడ్డలకు వేయించండి, నూటికి 90 దాకా పెయ్యలే వస్తాయి. పెయ్య దూడ కాస్త చిన్నది కాబట్టి తొలి ఈత కూడా సులువు.

ఇక 20 నెలలకు మీ పడ్డ బరువు చాలకపోతే, లోటు ఇప్పటిది కాదు, మొదటి ఏడాదిలో పడింది. పుట్టినప్పుడు 30 కిలోలున్న దూడ రోజుకు 400 గ్రాములు పెరిగితే 300 చేరడానికి సుమారు 22 నెలలు చాలు. 250 గ్రాములే పెరిగితే మూడేళ్లు. ఆ తేడా మొత్తం మీరు ఊరికే మేపడమే. చాలా ఇళ్లలో పాలన్నీ కేంద్రానికి పోసి, ఖాళీ చన్నులు దూడకు వదిలి, ఎండు వరిగడ్డి ముందు పడేస్తారు. మేమూ అలాగే చేశాం. ఇప్పుడు పుట్టిన గంటలోపే ముర్రుపాలు తాగిస్తాను, మాయ పడేదాకా ఆగను. మొదటి నెల దూడ బరువులో పదో వంతు పాలు దానివే. రెండో వారంలో నట్టల (కడుపులో పురుగుల) మందు తప్పనిసరి. గేదె దూడలకు నట్టలు తల్లిపాల ద్వారానే వస్తాయి, మట్టిరంగు పారుడు మొదలయ్యాక వేద్దామంటే ఆలస్యమైనట్టే. మూడో వారం నుంచి గుప్పెడు దాణా, లేత పచ్చిగడ్డి అలవాటు చేస్తాం. 4 నుంచి 8 నెలల మధ్య పెయ్యకు బ్రూసెల్లా (చూడి పోగొట్టే రోగం) టీకా ఒక్కసారి వేయిస్తే జీవితాంతం పనిచేస్తుంది, ఆ వయసు దాటాక వేయరు. గాలికుంటు, గొంతువాపు టీకాలు సర్కారు వాళ్లు వచ్చినప్పుడల్లా వేయించండి. మాకు వరి కోతకు ముందు పొలంలో చల్లే పిల్లిపెసర, జనుము వేసవి దాకా ఆదుకుంటాయి. పప్పుజాతి మేత తిన్న పడ్డ వెంట్రుకల్లోనే తేడా కనిపిస్తుంది. రోజూ కాస్త మినరల్ మిక్చర్ మాత్రం మానకండి. అలాగని దాణా కుమ్మరించి కొవ్వు పట్టించకండి, పొదుగులో పాలకండ ఉండాల్సిన చోట కొవ్వు చేరుతుంది.

రెండో ప్రశ్నకు నా సమాధానం పెంచుకోమనే. కాకపోతే పుట్టిన ప్రతి పెయ్యనూ కాదు. తల్లి పాలతోపాటు అది ఈనాక ఎన్నాళ్లకు మళ్లీ చూడి కట్టిందో చూస్తాను. ఎంత పాలిచ్చినా రెండేళ్లకోసారి ఈనే గేదె కూతుర్ని ఉంచుకోను. చేపడానికి (పాలు దించడానికి) సతాయించేదాని కూతుర్నీ అంతే. పది గేదెలుంటే ఏడాదికి రెండు మంచి పడ్డలు చేతికొస్తే చాలు. ఓసారి సంతలో రెండో ఈత అని నమ్మి గేదెను కొన్నాం. ఇంటికొచ్చాక పళ్లు చూసిన డాక్టరుగారు ముసలిదన్నారు, ఒక చన్ను అసలు రాలేదు. మన చావిట్లో పుట్టినదాని పుట్టిన తేదీ మనకే తెలుసు కదా.

చూడి నిలిచాక కూడా ఓ పని ఉంది. ఏడో నెల దాటాక రోజూ కిలోకు తగ్గకుండా దాణా పెంచి, పాలిచ్చే గేదె పక్కన కట్టేయండి. పాలు పిండే వేళ నేను వెళ్లి దాని వీపు నిమిరి, తొడ మీదుగా పొదుగు దాకా చెయ్యి తెస్తాను. మొదటి వారం కాలు విసురుతుంది. చెయ్యి తీయకుండా అక్కడే ఉంచి పేరు పెట్టి పిలుస్తాను. మూడో వారానికి నెమరేస్తూ నిలబడుతుంది. చన్నులు మాత్రం పిండకూడదు, ముట్టుకోవడం వరకే. గౌరి తర్వాత పెరిగిన పడ్డల్లో ఒక్కటి కూడా కాళ్లు కట్టి పిండాల్సి రాలేదు.

రేపు పొద్దున్న మేత వేయకముందే కొలిచి ఛాతీ, పొడవు ఇక్కడ రాయండి. పురికొస ఎక్కడ తిప్పాలో అర్థం కాకపోతే పడ్డను పక్కనుంచి ఫొటో తీసి పెట్టండి, గుర్తు గీసి చూపిస్తాను.